అసలుకూ నకలుకూ లెక్క కుదరనప్పుడు
కంప్యూటర్ సందేహాలు – సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఆరింటిని పక్కన తీసి పెట్టుకున్నాను. రాసినవారు వేరు, వారి వృత్తులు వేరు, కానీ అందరిదీ ఒకే ఆందోళన. కంప్యూటర్‌లో ఉన్న సమాచారం ఒక పరిమాణం చూపిస్తుంటే దాని బ్యాకప్ మరొక పరిమాణం చూపిస్తోంది, దేన్ని నమ్మాలి అని అడుగుతున్నారు. అందుకే ఈసారి ఈ పేజీలు మొత్తం ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. నకలు అసలు కంటే పెద్దదిగా కనిపిస్తే సాధారణంగా పోయేది స్థలం మాత్రమే. నకలు చిన్నదిగా కనిపిస్తే మాత్రం ఏయే ఫైళ్లు రాలేదో పేరు పేరునా తెలిసేదాకా ఆ బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కించకూడదు. రెండూ సమానంగా ఉన్నప్పుడు కూడా చూడవలసింది ఒకటి ఉంది. దాన్ని చివరి ఉత్తరానికి ఇచ్చిన సమాధానంలో వివరించాను.

ప్రశ్న: సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నాను. ఇంట్లో విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే 931 జీబీ అని చూపిస్తోంది. మా బావమరిది మ్యాక్‌కు తగిలిస్తే ఒక టీబీ అని చూపించింది. దుకాణదారుడు నాకు తక్కువ సరుకు అంటగట్టాడా?
– ఒక పాఠకుడు, తార్నాక

సమాధానం: లేదు, దుకాణదారుడి తప్పేమీ లేదు. డిస్కులు తయారు చేసేవారు టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు అని లెక్కిస్తారు. విండోస్ అదే బైట్ల సంఖ్యను 1024తో మూడుసార్లు భాగించి, వచ్చిన ఫలితానికి జీబీ అని పేరు పెడుతుంది. అంటే దాని దృష్టిలో ఒక జీబీ 1,07,37,41,824 బైట్లు. లక్ష కోట్లను ఈ సంఖ్యతో భాగిస్తే 931 పైచిలుకు వస్తుంది. ఆపిల్ సంస్థ 2009లో వచ్చిన స్నో లెపర్డ్ నుంచి తయారీదారుల లెక్కనే పాటిస్తోంది కాబట్టి మీ బావమరిది కంప్యూటర్‌లో అంకె గుండ్రంగా కనిపించింది. 1024 లెక్కకు గిబిబైట్, టెబిబైట్ అనే వేరే పేర్లు 1998లోనే ఖరారయ్యాయి గానీ విండోస్ వాటిని వాడకపోవడం వల్ల ఈ గందరగోళం ఇప్పటికీ పోలేదు. రెండు టీబీల డిస్క్ విండోస్‌లో 1.81 టీబీగా, నాలుగు టీబీల డిస్క్ 3.63 టీబీగా కనిపిస్తాయి. రెండు యంత్రాల మధ్య ఎప్పుడు పోల్చినా జీబీలను వదిలేసి, డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే ప్రాపర్టీస్‌లో పక్కనే కనిపించే పూర్తి బైట్ల సంఖ్యను చూడండి. దానికి ఏ యంత్రంలోనైనా ఒకే అర్థం.

మీరు అనుమానించిన మోసం ఇక్కడ జరగలేదు గానీ, అలాంటి మోసం లోకంలో లేకపోలేదు. నమ్మశక్యం కానంత చవకగా దొరికే కొన్ని పెన్‌డ్రైవ్‌లు లోపల 32 జీబీ మాత్రమే ఉన్నా రెండు టీబీలు ఉన్నట్టు కంప్యూటర్‌కు చెబుతాయి. వాటిలో అసలు సామర్థ్యం దాటాక రాసినదేదీ నిలవదు, అయినా ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్లూ పరిమాణాలూ సక్రమంగా ఉన్నట్టే కనిపిస్తాయి. కొత్త డ్రైవ్ ఏది కొన్నా మొదటి రోజే, ఇంకా ఖాళీగా ఉన్నప్పుడే, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత ప్రోగ్రామ్‌తో చివరిదాకా రాయించి తిరిగి చదివించండి.

ప్రశ్న: చిక్కడపల్లిలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, విద్యార్థుల ప్రాజెక్ట్ రిపోర్టులు అన్నీ సంవత్సరాల వారీగా ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఫైళ్ల సంఖ్య 3,10,000 దాటింది. ఆ ఫోల్డర్ కంప్యూటర్‌లో 96 జీబీ ఆక్రమిస్తుంటే, దాని కాపీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో 130 జీబీ ఆక్రమిస్తోంది. ఫైళ్ల సంఖ్య రెండు చోట్లా ఒక్కటే. మిగిలిన 34 జీబీ ఎక్కడి నుంచి వచ్చింది? వైరస్ ఏమైనా చేరిందా?
– ఒక పాఠకుడు, చిక్కడపల్లి

సమాధానం: వైరస్ కాదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే అక్కడ రెండు వరుసలుంటాయి. మొదటిది సైజ్, అంటే ఫైళ్లలో నిజంగా ఉన్న సమాచారం. రెండవది సైజ్ ఆన్ డిస్క్, అంటే ఆ సమాచారం కోసం డిస్క్ కేటాయించిన జాగా. మీరు రాసిన రెండు అంకెలూ రెండవ వరుసవి. మొదటి వరుస చూడండి, రెండు చోట్లా అది బైటు కూడా తేడా లేకుండా ఉండాలి. ఉంటే మీ కాపీలో లోటూ లేదు, అదనమూ లేదు.

డిస్క్ తన జాగాను క్లస్టర్లు అనే సమానమైన ముక్కలుగా పంచుకుంటుంది, ఒక ముక్కను ఇద్దరికి పంచదు. ఫైల్ ఎంత చిన్నదైనా దానికి కనీసం ఒక క్లస్టర్ మొత్తం రాసివ్వాల్సిందే. ఫైళ్లను డిస్క్‌లో అమర్చడానికి మీ కంప్యూటర్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఒక్కో క్లస్టర్ మామూలుగా 4 కేబీ. మీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉన్న ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో, 32 జీబీ మించిన డిస్కులకు విండోస్ ఎంచుకునే క్లస్టర్ 128 కేబీ. ఇప్పుడు ఆరు కేబీల కరపత్రం ఒకటి తీసుకోండి. కంప్యూటర్‌లో అది రెండు క్లస్టర్లలో, అంటే 8 కేబీలలో సర్దుకుంటుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో దానికి 128 కేబీ పోతుంది. పావుకిలో కందిపప్పు పోసి బస్తా మూతి కట్టేసినట్టన్నమాట. ఒక్కో చిన్న ఫైల్‌కు సుమారు 118 కేబీ వృథా అనుకుంటే, మూడు లక్షల ఫైళ్లకు అది దాదాపు 34 జీబీ అవుతుంది. మీ తేడా సరిగ్గా అదే. పెళ్లి వీడియోలు దాచుకునేవారికి ఈ తేడా కంటికి కనిపించదు, ఎందుకంటే వారి ఫైళ్లు పెద్దవి, సంఖ్యలో తక్కువ. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ డ్రైవ్ మీద డిస్క్‌ను పరీక్షించే చెక్‌డిస్క్ నడిపితే, చివరి వరుసలలో ఒక్కో అలొకేషన్ యూనిట్‌కు 1,31,072 బైట్లు అని కనిపిస్తుంది. 128 కేబీ అంటే అదే.

ఈ డిస్క్‌ను మీరు విండోస్‌తో మాత్రమే వాడుతుంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలోకి మార్చుకోవడం మంచిది. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందు ఇంకొక డిస్క్‌లో కాపీ తీసుకుని, దాన్ని సరిచూసుకున్న తరువాతే ఆ పని చేయండి. ఉన్న ఒకే ఒక్క బ్యాకప్‌ను ఫార్మాట్ చేసి, మళ్లీ కాపీ చేస్తుండగా కరెంటు పోయి, కంప్యూటర్ డిస్క్ కూడా దెబ్బతిన్నవారి బాధ నేను దగ్గరగా చూశాను. ఫార్మాట్ ఇష్టం లేకపోతే, ఇక మార్పులు ఉండవని తెలిసిన పాత సంవత్సరాలను ఏడాదికొక జిప్ ఫైల్‌గా కట్టి ఉంచవచ్చు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. మీ పేజ్‌మేకర్ ఫైళ్లలో ఎక్కువ భాగం యూనికోడ్ అనే ఉమ్మడి అక్షర ప్రమాణానికి ముందటి తెలుగు ఫాంట్లతో చేసినవై ఉంటాయి. ఆ ఫాంట్లు మీ పని ఫోల్డర్‌లో ఉండవు, విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. అవి లేని కంప్యూటర్‌లో మీ ఇరవై రెండేళ్ల పని తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ కనిపించదు, అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులే కనిపిస్తాయి. ఫాంట్లనూ, వాటి ఇన్‌స్టలేషన్ ఫైళ్లనూ ఈ రోజే ఆ డిస్క్‌లోకి చేర్చండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా వెళ్లే ముందు నా ల్యాప్‌టాప్‌లో అన్నీ అమర్చి, వారానికి ఒకసారి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి బ్యాకప్ తీసుకునే ప్రోగ్రామ్ కూడా పెట్టి వెళ్లాడు. సీ డ్రైవ్‌లో వాడిన స్థలం 198 జీబీ అని ఉంది, బ్యాకప్ మాత్రం 117 జీబీ మాత్రమే. మా వారి ఫోటోలు, పిల్లల చిన్ననాటి వీడియోలు అన్నీ ఇందులోనే ఉన్నాయి. 81 జీబీ ఏమైపోయింది? స్క్రీన్ ఫోటోలు జత చేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: అమ్మా, మీరు పంపిన ఫోటోలన్నిటినీ ఒకటికి రెండుసార్లు చూశాను. ముందు ఆ 81 జీబీ లెక్క తేల్చి, తరువాత అంతకంటే ముఖ్యమైన విషయానికి వస్తాను.

సీ డ్రైవ్‌లో ఉండేదంతా మీ సొంత సమాచారం కాదు. ల్యాప్‌టాప్‌ను హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నది దాచుకోవడానికి విండోస్ ముందే ఒక ఫైల్ కేటాయించుకుంటుంది. మీ 16 జీబీ ర్యామ్‌లో 40 శాతం చొప్పున అది 6.4 జీబీ ఉంది. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైల్ మరో 10 జీబీ. సిస్టమ్ రిస్టోర్ కోసం దాచిన పాత స్థితులు 11 జీబీ. ఈమధ్యే విండోస్ 11కు మారారు కాబట్టి పాత విండోస్ మొత్తం విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో 22 జీబీ ఆక్రమించి ఉంది. మామూలుగా పది రోజుల తరువాత విండోసే దాన్ని తీసేస్తుంది. రీసైకిల్ బిన్‌లో 9 జీబీ, తాత్కాలిక ఫైళ్లు సుమారు 6 జీబీ. ఇవన్నీ కలిపితే 64 జీబీ పైమాటే. చాలా బ్యాకప్ ప్రోగ్రామ్‌లు వీటిని కావాలనే వదిలేస్తాయి, వదిలేయడమే సబబు. మిగిలిన 16, 17 జీబీ, ప్రోగ్రామ్ మీ ఫైళ్లను కుదించి దాచడం వల్ల ఆదా అయినది. ఫోటోలూ వీడియోలూ ముందే కుదించినవి కావడంతో వాటిలో ఆదా ఉండదు గానీ, డాక్యుమెంట్లూ ప్రోగ్రామ్ ఫైళ్లూ బాగానే కుదించుకుంటాయి.

లెక్క కుదిరింది. ఇక్కడితో ఆపి మీకు ధైర్యం చెప్పి ఉంటే పెద్ద పొరపాటు చేసినవాడినయ్యేవాణ్ణి.

మీరు పంపిన నాలుగో ఫోటోలో పిక్చర్స్ ఫోల్డర్ ప్రాపర్టీస్ ఉంది. అందులో సైజ్ 143 జీబీ, సైజ్ ఆన్ డిస్క్ 38 జీబీ. పై డీటీపీ సెంటర్ పాఠకుడి విషయంలో జాగా అసలు సమాచారం కంటే ఎక్కువైంది. మీ విషయంలో జాగా నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే ఉంది. దాని అర్థం ఏమిటంటే, మీ ఫోటోలలో 105 జీబీ మీ ల్యాప్‌టాప్‌లో లేవు. మైక్రోసాఫ్ట్ వారి నిల్వ సేవ అయిన వన్‌డ్రైవ్ వాటిని ఇంటర్నెట్‌లో ఉంచి, ల్యాప్‌టాప్‌లో పేరూ చిన్న బొమ్మా మాత్రమే మిగిల్చింది. విండోస్ 10లో 2017 నుంచి ఉన్న సదుపాయం ఇది. అదే ఫోటోలో చాలా ఫోల్డర్ల పక్కన నీలం గీతలతో మేఘం గుర్తు కనిపిస్తోంది, అది ఈ విషయాన్నే సూచిస్తుంది. తెల్లటి వలయంలో పచ్చ టిక్కు ఉంటే ఫైల్ ప్రస్తుతానికి ల్యాప్‌టాప్‌లో ఉందని, నిండు పచ్చ వలయంలో తెల్ల టిక్కు ఉంటే ఎప్పటికీ ఉంచమని మీరు చెప్పారని అర్థం.

కాబట్టి, ల్యాప్‌టాప్‌లోనే లేని ఫోటోలు సీ డ్రైవ్ 198 జీబీలోనూ లెక్కకు రాలేదు, 117 జీబీ బ్యాకప్‌లోనూ చేరలేదు. మీరు కంగారుపడిన 81 జీబీలో నష్టమేమీ లేదు. ఏ తేడాలోనూ కనిపించని 105 జీబీకి మాత్రం బ్యాకప్ లేదు. ఆ ఫోటోలు ఇప్పుడు పోలేదు, మీ అబ్బాయి చందా కడుతున్న ఖాతాలో క్షేమంగా ఉన్నాయి. కానీ ఆ ఒక్క చోటే ఉన్నాయి. ఫోన్‌లోనో మరో కంప్యూటర్‌లోనో ఎవరైనా పొరపాటున ఒక ఫోల్డర్ తొలగిస్తే అది అన్ని చోట్లా తొలగిపోతుంది. వ్యక్తిగత ఖాతాలో వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్ 30 రోజుల వరకే దాన్ని నిలుపుతుంది.

మీ సీ డ్రైవ్‌లో ప్రస్తుతం ఖాళీ 39 జీబీ మాత్రమే, 105 జీబీ ఒకేసారి దించుకోవడం కుదరదు. ముందు రీసైకిల్ బిన్‌లో పనికివచ్చేది ఏమీ లేదని చూసుకుని ఖాళీ చేయండి. సెట్టింగ్స్‌లోని స్టోరేజ్‌లో తాత్కాలిక ఫైళ్ల కింద పాత విండోస్‌ను తొలగించండి. దీనితో ఖాళీ 70 జీబీ అవుతుంది. ఆ తరువాత 25, 30 జీబీకి మించని ఒక సంవత్సరం ఫోల్డర్‌ను ఎంచుకుని రైట్ క్లిక్ చేసి, ఎల్లప్పుడూ ఈ డివైజ్‌లో ఉంచు అనే అర్థం వచ్చే వరుసను నొక్కండి. ఇంటి ఇంటర్నెట్ వేగాన్ని బట్టి గంటలు పట్టవచ్చు. గుర్తు నిండు పచ్చగా మారేదాకా ఆగి, ఆ ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో మామూలుగా కాపీ చేయండి. కాపీలోంచి పది, పన్నెండు ఫోటోలూ రెండు వీడియోలూ తెరిచి చూశాక, ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్‌కు ఫ్రీ అప్ స్పేస్ ఎంచుకుని తరువాతి సంవత్సరానికి వెళ్లండి. డిలీట్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ నొక్కకండి, ఆ రెండూ ఒకటి కావు. మీ అబ్బాయి వీడియో కాల్‌లో ఉండగా మొదటి ఫోల్డర్ చేసి చూసుకుంటే మిగిలినవి మీరే చేసుకోగలరు. అన్నీ అయ్యాక ఆ డిస్క్‌లోని ఫోటోల ఫోల్డర్ సైజ్ 143 జీబీ ఉండాలి. అది 142 చూపించినా నాకు మళ్లీ రాయండి.

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత నా దగ్గరున్న హరికథలు, అవధానాల క్యాసెట్లన్నిటినీ ఎంపీ3లుగా మార్చి, ప్రతి ఫైల్‌కూ వివరంగా తెలుగులోనే పేరు పెట్టాను. కంప్యూటర్‌లో 4,812 ఫైళ్లున్నాయి. ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి పెట్టుకున్న నాస్ అనే డిస్కుల పెట్టెలోకి కాపీ చేస్తే 4,655 మాత్రమే చేరాయి, పరిమాణంలో 11 జీబీ తక్కువైంది. ఆగిపోయినవన్నీ కంప్యూటర్‌లో చక్కగా వినిపిస్తున్నాయి. లోపం ఎక్కడుంది?
– ఒక విశ్రాంత ఉపన్యాసకుడు, విద్యానగర్

సమాధానం: మాస్టారూ, లోపం ఫైళ్లలో లేదు, పేర్ల పొడవులో ఉంది. తెలుగులో పేర్లు పెట్టుకునే మనకే ఎక్కువగా ఎదురయ్యే చిక్కు కనుక దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

మీ విండోస్ కంప్యూటర్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్ ఒక ఫైల్ పేరులో 255 సంకేతాల వరకు అనుమతిస్తుంది. నాస్ పెట్టెల లోపల ఉండేది సాధారణంగా విండోస్ కాదు, లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్. అక్కడి ఈఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పద్ధతులు కూడా 255 అనే అంటాయి గానీ, అవి లెక్కించేది బైట్లను. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు కావాలి. పైగా మనం ఒక అక్షరంగా చదివేది కంప్యూటర్‌కు ఒక సంకేతం కాదు. ‘శ్రీ’లో శకారం, పొల్లు, రకారం, దీర్ఘపు గుడి కలిపి నాలుగు సంకేతాలు, అంటే పన్నెండు బైట్లు. ‘శ్రీరామనవమి’ మన కంటికి ఆరక్షరాలే, యంత్రానికి పదకొండు సంకేతాలు, 33 బైట్లు.

మీరు పంపిన జాబితాలో ఆగిపోయిన ఒక పేరు ఇది: ‘శ్రీరామనవమి ఉత్సవాల సందర్భంగా భద్రాచలంలో జరిగిన హరికథా కాలక్షేపం మూడవ రోజు సాయంత్రం రెండవ భాగం’. ఇందులో 83 తెలుగు సంకేతాలున్నాయి, వాటికి 249 బైట్లు. పదాల మధ్య ఖాళీలకు 11, చివరి ఎంపీ3 ఎక్స్‌టెన్షన్‌కు చుక్కతో కలిపి 4. మొత్తం 264. విండోస్ లెక్కలో ఇది 98 సంకేతాలే కాబట్టి అక్కడ ఏ అభ్యంతరమూ లేదు, నాస్ గడపలో మాత్రం తొమ్మిది బైట్లు ఎక్కువై ఆగిపోయింది. ‘మూడవ’ అన్న మాట బదులు 3 అన్న అంకె వేస్తే 253కు తగ్గి లోపలికి వెళ్లిపోతుంది.

నూటయాభై ఏడు పేర్లనూ ఇలా కత్తిరించమని చెప్పడం నాకు ఇష్టం లేదు, ఆ పేర్లలో మీ శ్రమా విలువైన సమాచారమూ ఉన్నాయి. 255 బైట్ల హద్దు ఒక్కో పేరుకే గాని, ఫోల్డర్ల పేర్లన్నీ ఫైల్ పేరుతో కలిసిన దారి మొత్తానికి కాదు. కాబట్టి ‘శ్రీరామనవమి ఉత్సవాలు భద్రాచలం’ అని ఒక ఫోల్డర్, అందులో ‘హరికథా కాలక్షేపం’ అని మరొకటి, లోపల ‘రోజు 3 సాయంత్రం భాగం 2’ అని ఫైలు పెట్టుకోండి. వివరమంతా నిలుస్తుంది, ఏ పేరూ హద్దు దాటదు. అయితే విండోస్‌లో చాలా ప్రోగ్రామ్‌లకు దారి మొత్తం 260 సంకేతాలు మించకూడదు కాబట్టి, ఫోల్డర్లలో ఫోల్డర్లు మరీ లోతుగా పోకుండా చూసుకోండి. నాస్‌లో ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసిన, అంటే ఇతరులు చదవలేకుండా మార్చిన, షేర్డ్ ఫోల్డర్ వాడుతుంటే హద్దు ఇంకా తగ్గి 143 బైట్లకు వస్తుంది, అంటే తెలుగులో 47 సంకేతాలు. పేర్లు మార్చడం మొదలుపెట్టే ముందే దీన్ని తెలుసుకుని ఉంటే రెండోసారి పని పడదు.

ఏవి ఆగిపోయాయో చేత్తో వెతకనక్కరలేదు. ఫ్రీఫైల్‌సింక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఎడమవైపు కంప్యూటర్ ఫోల్డర్, కుడివైపు నాస్ ఫోల్డర్ పెట్టి పోల్చమంటే, ఒకవైపే ఉన్నవాటిని విడిగా చూపిస్తుంది. ఆ జాబితాలో ఒకే పేరు రెండు వైపులా విడివిడిగా ఉన్నట్టు కనిపిస్తే కంగారుపడవద్దు. తెలుగు టైపింగ్‌లో పొల్లు తరువాత అక్షరాలు కలిసిపోకుండా వేసే కంటికి కనిపించని గుర్తు ఒకటుంది, దానికీ మూడు బైట్లే. అది ఒక పేరులో ఉండి మరో పేరులో లేకపోతే మనకు ఒకేలా కనిపించే పేర్లు కంప్యూటర్‌కు వేరవుతాయి.

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఉబుంటు లినక్స్‌లో నా హోమ్ ఫోల్డర్, వాడిన జాగాను చూపే డీయూ కమాండ్ ప్రకారం 74 జీబీ, ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్‌తో తీసిన కాపీ 131 జీబీ. అందులో కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్ ఒకటీ, హార్డ్ లింకులతో ఉంచిన నా ప్రాజెక్ట్ పాత ప్రతులూ ఉన్నాయి. డిస్క్‌లో ఖాళీని చూపే డీఎఫ్ కమాండ్ కూడా తక్కువ స్థలం చూపిస్తోంది. ఎందుకు?
– ఒక విద్యార్థి, ఘట్‌కేసర్

సమాధానం: నీ ఉత్తరంలోనే రెండు ఆధారాలున్నాయి. నీ దగ్గర వర్చువల్ మెషీన్ ఒకటి ఉంది. దాని డిస్క్ ఫైల్‌కు 60 జీబీ అని ప్రకటించావు గానీ రాసినది 14 జీబీ మాత్రమే. మిగిలిన 46 జీబీ ఖాళీ అని అసలు ఫైల్ సిస్టమ్ గుర్తుపెట్టుకుంది, జాగా ఇవ్వలేదు. మామూలు కాపీ ఆ ఖాళీని కూడా సున్నాలతో నింపి రాసింది. ఇక నీ ప్రాజెక్ట్ పాత ప్రతులను హార్డ్ లింకులతో ఉంచానన్నావు. ఒకే సమాచారానికి ఉన్న అనేక పేర్లు కాపీలో వేర్వేరు ఫైళ్లుగా విడిపోయి మిగతా 11 జీబీ తెచ్చాయి. ఆర్‌సింక్‌లో అందరూ వాడే చిన్న ‘ఏ’ ఆప్షన్ ఈ రెంటినీ పట్టించుకోదు. దానితోపాటు పెద్ద ‘హెచ్’, పెద్ద ‘ఎస్’ కూడా ఇచ్చి, ఖాళీ ఫోల్డర్‌లోకి కొత్తగా కాపీ తీయి. గమ్యం ఈఎక్స్‌టీ4 వంటి లినక్స్ పద్ధతిలో ఉండాలి, ఎక్స్‌ఫ్యాట్‌లో హార్డ్ లింకులకు చోటు లేదు. డీఎఫ్ చూపే ఖాళీ స్థలం తక్కువగా ఉందని కూడా అడిగావు. ఈఎక్స్‌టీ4 మామూలుగా ఐదు శాతం జాగాను రూట్ యూజర్, అంటే సిస్టమ్ నిర్వాహకుడి కోసం పక్కన పెడుతుంది, బ్యాకప్ మాత్రమే దాచే డిస్క్‌లో దాన్ని తగ్గించుకోవచ్చు.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లిళ్ల వీడియోలు తీస్తుంటాను. కెమెరా మెమరీ కార్డులో ఉన్నవి డిస్క్‌లోకి కాపీ చేశాక రెండు చోట్లా ఫైళ్ల సంఖ్య, బైట్లు కచ్చితంగా సమానంగా ఉంటే కార్డు ఫార్మాట్ చేయవచ్చా? ముహూర్తాల రోజుల్లో కార్డులు చాలవు.
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

సమాధానం: సంఖ్యలు సమానమైతే పేర్లూ పొడవులూ చేరాయని మాత్రమే తెలుస్తుంది. లోపలి సమాచారం చేరిందని దానివల్ల రుజువు కాదు. మా నాన్నగారి ఉత్తరాలు స్కాన్ చేసి ఒక డిస్క్‌లోకి కాపీ చేసిన రోజు, గీత చివరిదాకా నిండగానే తొందరపడి కేబుల్ లాగేశాను. మర్నాడు చూస్తే ఫైళ్ల సంఖ్య సరిపోయింది, బైట్లు సరిపోయాయి, కానీ చివరి పదిహేడు ఉత్తరాలు తెరుచుకోలేదు. లోపల మొత్తం సున్నాలే ఉన్నాయి. విండోస్ వాటికి జాగా రాసి, పొడవు నమోదు చేసి, సమాచారాన్ని ర్యామ్‌లోంచి డిస్క్‌లోకి దించే లోపే నేను తీగ లాగాను. ఉత్తరాల కాగితాలు ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి మళ్లీ స్కాన్ చేసుకోగలిగాను. మీరు తీసిన తలంబ్రాలు మళ్లీ తీయడం కుదరదు.

అందుకని కాపీ అయ్యాక డిస్క్‌ను సురక్షితంగా తొలగించి, మళ్లీ తగిలించండి. ఇలా చేయకపోతే కంప్యూటర్ డిస్క్‌ను చదవకుండా ర్యామ్‌లో మిగిలిన ప్రతినే చూపించే అవకాశముంది. ఆ తరువాత పైన చెప్పిన ఫ్రీఫైల్‌సింక్‌లోనే, తేదీ పరిమాణాలతో కాకుండా ఫైల్ లోపలి సమాచారంతో పోల్చే పద్ధతిని ఎంచుకోండి. అది రెండు వైపులా ప్రతి బైటూ చదువుతుంది, కాబట్టి కాపీకి పట్టినంత సమయం దాదాపు మళ్లీ పడుతుంది. అంత సమయం లేని రాత్రి ఆ కార్డును కవర్‌లో వేసి, పెళ్లివారి ఇంటి పేరూ తేదీ రాసి పక్కన పెట్టండి, మర్నాటికి వేరే కార్డు వాడండి. మీ డిస్కులు ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఉంటే 4 జీబీ మించిన ఫైల్ ఏదీ వాటిలో పట్టదని కూడా గుర్తుంచుకోండి.

పోల్చి చూసిన ఆ డిస్క్ ఒక్కటే ఉంటే కార్డు ఇంకా ఫార్మాట్ చేయకండి. రెండో డిస్క్‌లోకి కూడా కాపీ చేసి, దాన్నీ ఇదే విధంగా పోల్చి, ఆ డిస్క్ స్టూడియోలో కాకుండా ఇంట్లో పెట్టిన తరువాత కార్డును కెమెరాలో పెట్టి అక్కడే ఫార్మాట్ చేసుకోండి.